టైలరు పిన్ని దాచుకున్న జబ్బు

వీధి మలుపులో, చెప్పుల కొట్టుకీ తాళంచెవులు చేసే మనిషి బల్లకీ మధ్య ఇరుక్కుని ఒక కుట్టుపని గది ఉండేది. బోర్డు లేదు. గాజు తలుపు మీద ఎవరో ఎప్పుడో అంటించిన కత్తెర బొమ్మ సగం చిరిగి వేలాడుతుండేది. లోపల కూర్చునే ఆవిడను చిన్నా పెద్దా అంతా టైలరు పిన్ని అనేవారు. వయసులో ఆవిడకన్నా బాగా పెద్దదైన చెప్పుల కొట్టు యజమానురాలు కూడా పిన్నీ అనే పిలిచేది. మొదట్లో ఆవిడ అభ్యంతరం చెప్పిందట. ఎవరూ వినకపోయేసరికి తనే ఊరుకుంది.

పనికి వంక పెట్టడానికి లేదు. మోచేయి దగ్గర చిరిగిన కోటు ఇస్తే, తిరిగి తీసుకునేటప్పుడు చిరుగు ఏ చేతికి ఉండేదో ఇచ్చినవాళ్ళే వెతుక్కోవాలి. మాటల్లో మాత్రం మహా పిసినారి. నోట్లో ఎప్పుడూ నాలుగైదు గుండుసూదులు ఉండేవి. అడిగినదానికి వాటి సందులోంచి ఊ అనో ఊహూ అనో వచ్చేది. నోట్లో గుండుసూదులు పెట్టుకున్న మనిషిని ఎవరూ సొంత సంగతులు అడగరు కదా. ఆ వెసులుబాటును ఆవిడ కావాలనే వాడుకుందని ఈ కథ చెప్పేవాళ్ళకు ఒక అనుమానం.

కొలతలు తీసుకోవడంలో ఆవిడది ఇంకో వింత. ఒక్కరి ఒంటి మీద చెయ్యి వేసేది కాదు. టేపు తీసి వచ్చినవాళ్ళ చేతికిచ్చేది. "నడుం చుట్టూ మీరే తిప్పుకోండి, అంకె నేను చూస్తాను" అనేది. చిన్నపిల్లలకైనా అంతే. "ఏం పిన్నీ, మేమేమన్నా కరుస్తామా?" అని ఆడవాళ్ళు ఆటపట్టించేవారు. ఆవిడ నవ్వేది కాదు, కోప్పడేదీ కాదు. బడిపిల్లల స్కర్టులు కుట్టాల్సి వస్తే, అందులోనూ పదమూడు పద్నాలుగేళ్ళ పిల్లలవైతే, నడుం దగ్గర ఎప్పుడూ రెండు వేళ్ళు వదులుగా కుట్టేది. జారిపోతోందని తల్లులు గొణిగితే "పెరిగే పిల్ల" అని ఒక్క మాటతో సరిపెట్టేది.

భర్త నీళ్ళ లారీ నడిపేవాడు. గట్టిగా నవ్వే మనిషి, మంచివాడు. గుండె ఆగి కొన్నేళ్ళ కిందటే పోయాడు. ఉన్నది ఒక్క కూతురు. తపాలా ఆఫీసులో కౌంటరు దగ్గర పని. అల్లుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. వాగుడుకాయ. అత్తగారు మాట్లాడని మాటలన్నీ కూడా తనే మాట్లాడి లెక్క సరిచేసేవాడు. కూతురికి నెల తప్పిందని తెలిసిన రోజున ఈ గదిలోకి వచ్చి, "అత్తయ్యగారూ, ఇక చిన్న సైజు బట్టలకు ఆర్డరు వచ్చినట్టే" అని అరిచి, అక్కడున్న ఖాతాదారుల చేత కూడా చప్పట్లు కొట్టించాడు.

అంతా బాగానే సాగింది. ఎనిమిదో నెలలో ఒక స్కానింగు ఉంది, తోడు రమ్మంటే పిన్ని కొట్టుకు తాళం వేసి వెళ్ళింది.

స్కానింగు గది చిన్నది. లైటు బాగా తగ్గించి ఉంచారు. మంచం మీద పరిచిన కాగితం కూతురు కదిలినప్పుడల్లా గరగరలాడింది. డాక్టరు ముప్పై దాటిన ఆడమనిషి. కాళ్ళకు మెత్తటి చెప్పులు వేసుకుని, జుట్టు ముడిలో పెన్ను గుచ్చుకుంది. తొందరపడే రకం కాదు. ఆ దేశంలో ఆడో మగో అడిగినవాళ్ళకు చెప్పడం నేరం కాదు. వీళ్ళు ముందే అడిగారు, పాప అని ముందే తెలుసు.

డాక్టరు పొట్ట మీద పరికరం కదుపుతూ ఒకచోట ఆగింది.

"పాప మూత్రసంచి నిండి ఉంది. దాని వెనకాల ఏదో ఉంది, ఇది అడ్డొస్తోంది. ఖాళీ అయ్యేదాకా చూద్దాం."

"లోపలే పోసేస్తుందా డాక్టర్?" అన్నాడు అల్లుడు.

"అందరూ అంతే. మీరూ అంతే చేశారు."

కూతురు నవ్వింది. కాగితం గరగరలాడింది. అందరూ తెర వంక చూస్తూ కూర్చున్నారు. పిన్నికి ఆ నలుపూ తెలుపూ ఏమీ అర్థం కాలేదు గానీ, డాక్టరు చూపించాక రెండు నల్లటి మచ్చలు మాత్రం ఆనవాలు తెలిశాయి. ఒకదాని వెనక ఒకటి. కాసేపటికి ముందున్న మచ్చ మెల్లగా చిక్కిపోయి మాయమైంది. వెనకది అలాగే ఉంది, కోలగా, నిండుగా. డాక్టరు ఇంకా కాసేపు ఆగి చూసింది. అది తగ్గలేదు. అప్పుడు ఆవిడ ముఖంలో నవ్వు పోయింది.

"చూడండి, ఉన్నదున్నట్టు చెబుతాను," అంది. "ఈ వెనకది పాప గర్భసంచి కింద ఉండే దారి. అందులో నీరు నిలిచి ఉబ్బింది. తల్లి ఒంట్లో ఉండే హార్మోన్ల వల్ల కడుపులో ఉన్న ఆడపిల్లలకు అక్కడ కొంచెం తేమ ఊరుతుంది. దారి తెరుచుకుని ఉంటే బయటికి పోతుంది. ఈ పాపకి ఎక్కడో మూసుకుపోయింది. నిలిచిన నీరు పక్కవాటిని నొక్కుతోంది, కిడ్నీలు కూడా కాస్త ఉబ్బాయి."

"అంటే?" అన్నాడు అల్లుడు. అంత చిన్న మాట ఆయన నోటి నుంచి రావడం అదే మొదటిసారి.

"రెండు రకాలుగా ఉండొచ్చు. చివర్లో ఒక పల్చటి పొర మూసుకుపోయి ఉంటే, పుట్టాక చిన్న కోత. అంతటితో సరి. అలా కాకుండా లోపల మూత్రం దారి, మలం దారి, ఇది, మూడూ విడిపడకుండా ఒక్కటిగా కలిసిపోయి ఉంటే అది పెద్ద సంగతి. చాలా ఆపరేషన్లు, ఏళ్ళ తరబడి వైద్యం. ఏదన్నది ఇవాళ చెప్పలేకపోతున్నాను. పాప కాళ్ళు ముడుచుకుని ఉంది, కింద కనపడటం లేదు. రెండు వారాల్లో మళ్ళీ చూద్దాం."

కూతురు తెర వంక చూడటం మానేసి పైకప్పు వంక చూస్తోంది.

"ఇంకొకటి," అంది డాక్టరు. "మీ రెండు కుటుంబాల్లో ఎవరికైనా పుట్టుకతో ఇలాంటి ఇబ్బంది ఉందా? ఆడవాళ్ళకి, పెద్దమనిషి అయ్యే వయసులో ఏదైనా?"

అల్లుడు తన వైపు తెలియదన్నాడు, అమ్మనడిగి చెబుతానన్నాడు. కూతురు తల్లి వైపు చూసింది.

"లేదు," అంది పిన్ని. ఆ గదిలో ఆవిడ నోట్లో గుండుసూదులు లేవు. మాట స్పష్టంగానే వచ్చింది.

ఇక్కడ కథ కొంచెం వెనక్కి వెళ్ళాలి. తప్పదు.

పద్నాలుగో ఏట ఈవిడ ఇంత మౌని కాదు. నోటి దురుసు పిల్ల. పాఠం తప్పు చెప్పిన మాస్టారుని కూడా నిలబెట్టి అడిగేది. తోటిపిల్లలు ఒకరి తర్వాత ఒకరు పెద్దమనిషి అయ్యారు, ఈ పిల్ల కాలేదు. కానీ నెలకోసారి పొత్తికడుపులో మెలిపెట్టినట్టు నొప్పి వచ్చేది. రెండు మూడు రోజులు ముడుచుకుని పడుకునేది, తర్వాత దానంతటదే తగ్గేది. బడి ఎగ్గొట్టడానికి వేషాలన్నారు ఇంట్లో. కొన్నాళ్ళకు కడుపు గట్టిపడింది. ఇంకొన్నాళ్ళకు ఎత్తుగా కనపడసాగింది. ఒక పొద్దున బడి స్కర్టుకు హుక్కు పట్టక తంటాలు పడుతుంటే తల్లి సాయానికి వచ్చింది. హుక్కు పెట్టబోయిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఎవడు?" అంది తల్లి.

ఆ పిల్లకు ప్రశ్న అర్థం కాలేదు. అర్థమయ్యేలోపే చెంప పగిలింది.

తర్వాత కొన్ని వారాలు ఆ కడుపు అందరి సొత్తు అయిపోయింది. మేనత్త వచ్చి నొక్కి చూసింది. పక్కింటావిడ నొక్కి చూసింది. మందుల కొట్టులో కాంపౌండరు కూడా నొక్కి చూసి, ఎవరికి తోచినన్ని నెలలు వాళ్ళు చెప్పారు. నేనేం చెయ్యలేదని ఆ పిల్ల మొదట అరిచింది, తర్వాత ఏడ్చింది, ఆ తర్వాత అనడమే మానేసింది. బడి మాన్పించారు. తండ్రి ఆమె కూర్చున్న గదిలోకి రావడం మానుకున్నాడు. ఇంతమంది పెద్దలున్నారు, ఒక్కరికైనా డాక్టరుకు చూపిద్దామని తోచలేదు. డాక్టరుకు చూపిస్తే బయటపడుతుందని భయం. లేనిది బయటపడుతుందని భయపడి, ఉన్నదాన్ని కడుపులోనే కుళ్ళబెట్టారు.

చివరికి ఒకరోజు తెల్లవారాక మూత్రం కూడా బంద్ అయింది. పిల్ల నేల మీద దొర్లి అరిచింది. తండ్రి అప్పుడూ మాట్లాడలేదు గానీ, ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తాడు. అక్కడున్న ముసలి డాక్టరమ్మ చూడగానే తల్లిని పిలిచి కేకలేసింది. పిల్లకు పుట్టుకతోనే కింద ఒక పొర మూసుకుపోయి ఉందనీ, నెలనెలా రావలసినదంతా లోపలే నిలిచిపోయిందనీ, కడుపు కాదు కాకరకాయా కాదనీ అరిచింది. తల్లి తలుపు బయటకు వెళ్ళి గోడకు ఆనుకుని నిలబడింది. లోపల డాక్టరమ్మ చిన్న కోత పెట్టింది. నల్లగా, చిక్కగా స్టీలు గిన్నె నిండింది. నొప్పి ఎంత త్వరగా పోయిందంటే ఆ పిల్ల ఆ బల్ల మీదే నిద్రపోయింది.

ఇంటికి తిరిగివస్తూ తల్లి అన్నది ఒకే మాట. "జరిగిందేదో జరిగింది. ఎవరితోనూ అనకు. పెళ్ళి కావలసినదానివి."

ఎవరితోనూ అనలేదు. దాంతో ఆ వీధి తనకు తోచిందే అనుకుంది. ఎత్తుగా ఉన్న కడుపు ఆసుపత్రికి వెళ్ళివచ్చేసరికి చదునైంది, ఇంకేం కావాలి వాళ్ళకి? జబ్బు అని ఒక్క మాట గట్టిగా చెప్పి ఉంటే ఆ పిల్ల తలెత్తుకుని బడికి వెళ్ళేది. ఆ ఒక్క మాటా ఆ ఇంట్లో ఎవరి నోటికీ రాలేదు. తలుచుకుంటే వినేవాళ్ళకు ఒళ్ళు మండుతుంది, ఇక పడినవాళ్ళ సంగతి చెప్పాలా? పిల్లను వేరే ఊళ్ళో పెద్దమ్మ దగ్గరికి పంపేశారు. ఆ పెద్దమ్మ కిటికీ తెరలు కుట్టేది. ఆవిడ పక్కన ఇంకో స్టూలు వేశారు. మనం చూసిన టైలరు పిన్ని ఆ స్టూలు మీద తయారైన మనిషి. భర్తకు చెప్పలేదు. కూతురికి చెప్పలేదు. కూతురు ఈడుకొచ్చిన ఏడాది మాత్రం రోజూ రాత్రి లేచి ఆ పిల్ల పడుకున్న తీరు చూసి వెళ్ళేది. సకాలంలో అంతా సవ్యంగా జరిగాక ఆవిడ వంటగదిలో కూర్చుని చాలాసేపు ఏడ్చింది. ఎందుకని భర్త అడిగితే ఉల్లిపాయలంది. భర్త నమ్మాడు.

అలాంటి మనిషి, డాక్టరు అడిగితే లేదనడంలో వింత లేదు. నోరు దానంతటదే అనేసింది. తీరా అనేశాక వెనక్కి తీసుకోవడానికి వందసార్లు మనసులో ప్రయత్నించి వందసార్లూ భయపడింది. అవునంటే కూతురు ఏమనుకుంటుంది? నీ నుంచే నా బిడ్డకు వచ్చిందంటుంది. అల్లుడు ఏమనుకుంటాడు? ఆయన తల్లి ఏమంటుంది? చచ్చిపోయిన భర్త ఏమనుకునేవాడన్న దగ్గరికి కూడా వెళ్ళింది ఆలోచన.

ఇంట్లో మాత్రం రోజులు బాగాలేవు. అల్లుడు ఫోనులో వెతకడం మొదలుపెట్టాడు. వెతికేవాడికి ఎప్పుడూ ఘోరమైనదే ముందు దొరుకుతుంది. చూసిన బొమ్మలు భార్యకు చూపించనన్నాడు. చూపించకపోవడంతో ఆమె రెండింతలు ఊహించుకుంది. ఇక ఆ ఇంట్లో హాస్యాలు లేవు. ఆయన ఇంటికొచ్చి బూట్లు కూడా విప్పకుండా సోఫాలో కూర్చునేవాడు.

కూతురు ఒక సాయంత్రం పని నుంచి నేరుగా కుట్టుగదికి వచ్చింది. మిషను పక్కన పిన్ని కుట్టిన చిన్న చొక్కాలు మడతపెట్టి ఉన్నాయి. చేతిలో ఇంకోటి తయారవుతోంది.

"ఇంక కుట్టకమ్మా," అంది కూతురు.

పిన్ని మిషను ఆపింది.

"ఏమీ కుట్టకు. అది వేసుకుంటుందో లేదో తెలియదు. పుట్టగానే వాళ్ళే తీసుకెళ్ళిపోతారు, గొట్టాలు పెడతారు. నేను చూడనమ్మా. నాకు చూడాలని లేదు. ఈమధ్య లోపల కదిలితే కూడా..." అని ఆపి, పొట్ట మీద ఉన్న చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది. "ఏం తప్పు చేశానమ్మా నేను? మందులు వేసుకున్నాను. చెప్పినట్టల్లా తిన్నాను. ఏం తప్పు చేశాను?"

పిన్నికి ఆ ముఖంలో తన ముఖం కనిపించింది. చెప్పడానికి నోరు తెరిచింది కూడా. అప్పుడే ఎవరో ప్యాంటు పొడుగు తగ్గించాలంటూ తలుపు తోసుకుని వచ్చారు. కూతురు కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది. ఆ ప్యాంటు పిన్ని జన్మలో మొదటిసారి వంకరగా కుట్టింది. ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి.

చెప్పాలని ఆ రోజే నిశ్చయించుకుంది. కానీ కూతురికి కాదు, డాక్టరుకి. ఒంటరిగా దొరికితే చెవిలో చెప్పేసి బయటపడదామని ఎత్తు. రెండో స్కానింగు రోజున అందరికన్నా ముందే వెళ్ళి ఆ గది తలుపు పక్కన కుర్చీలో కూర్చుంది. డాక్టరు వస్తూ పోతూనే ఉంది గానీ, ఎప్పుడూ ఎవరో ఒకరు వెంట ఉన్నారు. ఒకసారి ఒంటరిగా వచ్చింది, పిన్ని లేచి నిలబడింది కూడా. డాక్టరు చిరునవ్వు నవ్వి, "మీ వంతు వస్తుందమ్మా, కూర్చోండి" అని వెళ్ళిపోయింది. పిన్ని కూర్చుంది. ఈలోపు కూతురూ అల్లుడూ రానే వచ్చారు.

అదే చీకటి గది, అదే కాగితం. కూతురు ఈసారి తెర వంక తిరగనే లేదు. ముఖం గోడ వైపు తిప్పుకుని పడుకుంది. డాక్టరు ఎంతసేపో చూసింది.

"నీరు కాస్త పెరిగింది," అంది చివరికి. "కింద ఇంకా సరిగ్గా కనపడటం లేదు. పెద్ద సమస్య లేదని నేను ధైర్యంగా చెప్పలేకపోతున్నాను. దూరమైనా పెద్దాసుపత్రిలో కాన్పుకు ఏర్పాటు చేసుకోవడం..."

కూతురు భుజాలు కదిలాయి. ఏడుస్తోంది, చప్పుడు లేకుండా.

"డాక్టరుగారూ," అంది పిన్ని. "పోయినసారి మీరొకటి అడిగారు. నేను అబద్ధం చెప్పాను."

డాక్టరు పరికరాన్ని పొట్ట మీంచి ఎత్తింది. అల్లుడు పిన్ని గొంతు విని, ఇది ఆడవాళ్ళ సంగతని గ్రహించి లేచాడు. "నేను బయట ఉంటాను అత్తయ్యగారూ."

"కూర్చో బాబూ. నువ్వూ వినాలి."

ఆవిడ చెప్పింది. నొప్పి, కడుపు, స్కర్టు హుక్కు, తల్లి అడిగిన ప్రశ్న, అందరూ నొక్కడం, గిన్నె నిండా నల్లటి రక్తం. జీవితంలో ఆవిడ ఒక్క గుక్కన అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. వరస తప్పింది. ముందుది వెనకా వెనకది ముందూ చెప్పింది. కూతురి వంక చూడలేదు. చేతిసంచి పట్టీని మెలితిప్పుతూ దానికే చెప్పింది.

డాక్టరు మధ్యలో అడ్డురాలేదు. అంతా అయ్యాక రెండు మూడే ప్రశ్నలు వేసింది. కోశాక నెలనెలా సరిగ్గా వచ్చిందా? మూత్రానికీ విరేచనానికీ ఎప్పుడైనా ఇబ్బంది ఉందా? కాన్పు ఎలా జరిగింది?

"అన్నీ మామూలే. ఇదిగో, దీన్ని కన్నాను."

"నేనిది రుజువు అనను," అంది డాక్టరు మెల్లగా. "ఈ పొర సంగతి ఒకే ఇంట్లో ఇద్దరికి రావడం చాలా అరుదు. కానీ అసలు రాదనీ లేదు. మీరు చెప్పింది మంచిదైంది. ఇంకోసారి, వేరే వైపు నుంచి చూస్తాను. ఎంతసేపైనా సరే."

"నా నుంచే వచ్చిందా డాక్టరుగారూ?"

"అలా అనుకోకండమ్మా. తెరుచుకోవలసిన పొర తెరుచుకోలేదు. దానికి ఎవరూ బాధ్యులు కారు. మీరూ కారు, అప్పుడైనా, ఇప్పుడైనా."

కూతుర్ని పక్కకు తిరిగి పడుకోమంది. బయట ఎవరో తలుపు తడితే ఆగమని కేకేసింది. పాప కాళ్ళు విప్పేదాకా అందరూ కూర్చున్నారు. కూతుర్ని కాస్త అటూ ఇటూ కదిలించారు, లేపి నడిపించారు, మళ్ళీ పడుకోబెట్టారు. ఎప్పటికోగానీ ఆ తల్లి కడుపులోని మనిషికి ఒక కాలు చాచాలని బుద్ధి పుట్టలేదు.

"ఆ," అంది డాక్టరు. బొమ్మను ఆపింది. "ఇదిగో, మలద్వారం ఉండవలసిన చోట, ఉండవలసినట్టే ఉంది. మూత్రసంచి వేరుగా ఉంది, దాని పని అది చేస్తోంది. ఇక్కడ చూడండి, సన్నటి గీత. నీటి బరువుకు బయటికి ఉబ్బి కనపడుతోంది కదా? అదే పొర. పోయినసారి ఈ గీత నాకు చిక్కలేదు. ఖాయంగా పుట్టాకే చెప్పగలం. కానీ పందెం కాయమంటే నేను చిన్న కోత మీదే కాస్తాను."

కూతురు గోడ వైపు నుంచి ముఖం తిప్పి తెరను చూసింది. "ఏది? ఎక్కడ?" అంది. డాక్టరు వేలితో చూపించింది. కూతురు ఆ గీతను చాలాసేపు చూసింది.

ఆ తర్వాత తల్లితో ఆమె దాని గురించి ఒక్క మాటా ఎత్తలేదు. అల్లుడు మాత్రం కారిడారులో పిన్ని చేతికి టీ కప్పు ఇచ్చి, వంగి ఆవిడ చెప్పు పట్టీ సరిచేశాడు. కూతురు రెండ్రోజుల తర్వాత కుట్టుగదికి వచ్చి, "ఆ చిన్న చొక్కాలు ఎక్కడ దాచావు?" అంది. తీసిస్తే ఒక్కొక్కటీ విప్పి చూసింది. అంతే. కోపం ఉందో లేదో తెలియక పిన్ని లోపల్లోపల కుమిలింది. ఇన్నేళ్ళు దాచినందుకు కోపం రావడం న్యాయమే అనుకుంది. అడగడానికి మాత్రం ధైర్యం చాలలేదు.

నొప్పులు మొదలయ్యాక పెద్దాసుపత్రికి వెళ్తే, బిడ్డ అడ్డం తిరగడంతో కోసి తీశారు. పాప బాగానే ఏడ్చింది. పొట్ట ఉబ్బి, చర్మం మెరుస్తూ ఉంది. పిల్లల సర్జను వచ్చి అన్నీ చూశాడు. పొరే, ఇంకేమీ కాదు, అన్నాడు. పక్కనే ఉన్న చిన్నగదిలోనే ఇప్పుడే తెరుస్తానని చెప్పి, తల్లి లేవలేదు కాబట్టి ఇంట్లోవాళ్ళు ఎవరైనా ఒకరు లోపలికి వచ్చి పాప దగ్గర నిలబడమన్నాడు. అల్లుడు రెండడుగులు వేసి తెల్లగా పాలిపోయాడు. పది అంతస్తుల మీద తాడుకు వేలాడే మనిషి, సూది చూడలేడు.

"నేను వెళ్తాను," అంది పిన్ని.

లోపల ఒక బల్ల, పైన దీపం, ఒక నర్సు. పాపను కాళ్ళు విడదీసి పట్టుకున్నారు. తల వైపు నిలబడమన్నారు పిన్నిని. ఆవిడ వంగి ఆ చెవిలో మాట్లాడటం మొదలుపెట్టింది. ఆపలేదు. "ఇదిగో నేనున్నాను. ఎక్కడికీ పోను. కొంచెమే నొప్పి. అయిపోతుంది తల్లీ. నిన్ను ఎవరూ ఏమీ అనరు. ఏమన్నా అంటే నేనున్నాను కదా." సర్జను మందు రాసి చిన్న కోత పెట్టాడు. పాప గుక్కపట్టింది. పాలలా తెల్లటి నీరు బయటికి వచ్చింది, వస్తూనే ఉంది. పొట్ట చూస్తుండగానే మెత్తబడి దిగింది. పిన్ని చూసింది. కళ్ళు మూసుకోలేదు. ఆ వెంటనే పాప సర్జను చొక్కా మీద మూత్రం పోసింది. నర్సు పకపకా నవ్వింది, సర్జను తడిసిన చేతులెత్తి "ఇదే కావాలి నాకు" అన్నాడు.

పాపను గుడ్డలో చుట్టి కూతురి పక్కలో పడుకోబెట్టారు. అల్లుడు వాళ్ళమ్మకి ఫోను చేయడానికి బయటికి వెళ్ళాడు. గదిలో తల్లీ కూతుళ్ళూ, ఆ పసిదీ మిగిలారు.

"ఏడ్చిందా?" అంది కూతురు.

"ఏడ్చింది. ఎంతోసేపు కాదు."

"నువ్వు పక్కనే ఉన్నావు కదా."

"ఉన్నాను."

కూతురు పాప గుడ్డ అంచును కాసేపు సరిచేసింది. "నీకు కోసినప్పుడు నీ పక్కన ఎవరున్నారమ్మా?"

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అడగవలసినవాళ్ళు చాలామంది పోయారు కూడా.

"ఎవరూ లేరు," అంది పిన్ని. "మా అమ్మ తలుపు బయట నిలబడింది. లోపలికి రావడానికి సిగ్గుపడింది."

చెబుతుండగానే ఏడుపు వచ్చింది. మామూలు ఏడుపు కాదు, చిన్నపిల్ల ఏడ్చినట్టు వెక్కివెక్కి, ముక్కు తుడుచుకోవాలని కూడా తోచకుండా. ఆపుకోవాలని చూసింది, ఆగలేదు.

కూతురు కుట్ల మీద చెయ్యి అదిమి పెట్టుకుని, పళ్ళు బిగించి, పాపను దగ్గరికి లాక్కుంటూ మంచం మీద ఓ పక్కకు జరిగింది.

"రా," అంది. "చెప్పులు విప్పి ఇలా వచ్చి పడుకో."

"నర్సు తిడుతుందే."

"తిట్టనీ."

పడుకుంది. మంచం ఒక్కరికి సరిపోయేది. పిన్ని సగం బయటికే ఉంది. కూతురు ఆవిడ భుజం చుట్టూ చెయ్యి వేసి లోపలికి లాక్కుంది. ఏడుపు ఇంకా పూర్తిగా ఆగలేదు. కాసేపటికి నర్సు మందులు పట్టుకుని వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏమండీ పెద్దావిడా, లేవండి. అది పేషెంట్లు పడుకునే మంచం."

"ఆవిడ కూడా పేషెంటే," అంది కూతురు, తల తిప్పకుండా.

నర్సు ఏమనుకుందో ఏమో, మందులు బల్ల మీద పెట్టి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.